భూస్వామి బిడ్డ, ప్రజల మనిషి: రావి నారాయణరెడ్డి

పరుల సొత్తును పంచిపెట్టుమనుట సులభము; తన పొలమును పేదల పరము చేయుట దుష్కరము. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసిన నాయకులు తమ ప్రాణమును, సంపదను, గౌరవమును పణముగా ఒడ్డిరి. నల్లగొండ సీమలో ఆ మూడింటిని ఒడ్డిన మహనీయుడు రావి నారాయణరెడ్డిగారు.

ఆయన 1908లో భువనగిరి ప్రాంతమునందలి బొల్లేపల్లిలో, కలిగిన భూస్వామి కుటుంబమున జన్మించిరి. నాటి నైజాము సంస్థానములో పల్లెలు వెట్టిచాకిరి క్రింద నలిగిపోవుచుండెను. దొర గడీలో చేసిన పనికి కూలి లేదు. పిలిచిన వేళ రాననుటకు వీలు లేదు. భూమి గలవారికి లాభము చేకూర్చిన ఆ యేర్పాటును భూమి గల ఈ యువకుడే ఎదిరింప నిశ్చయించెను. 1930లో చదువు విడిచి కాకినాడకు పోయి ఉప్పు సత్యాగ్రహమున పాల్గొనిరి. పిమ్మట హరిజనసేవకు పూనుకొనిరి. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహమున చేరి కారాగారవాసము చేసిరి.

1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరులో జరిగిన ఆంధ్రమహాసభకు ఆయన అధ్యక్షులైరి. భాషాభివృద్ధికి, గ్రంథాలయములకు, విన్నపములకు పేరొందిన సభ క్రమముగా కౌలుదారుల గోడును, వెట్టివారి గోడును వినసాగెను. 1944లో భువనగిరి సభకును ఆయనయే అధ్యక్షులు. నాటినుండి పల్లెజనులకు అది తమ సంఘమయ్యెను. పేదలకు భూమి కావలెనని పలికిన ఆ నాయకుడు తన సొంత భూములలో 500 ఎకరములను వారికి పంచియిచ్చిరి.

1946లో రైతాంగము ఆయుధము పట్టినపుడు ఆయన ముందు నిలిచిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాము పాలన ముగిసిన పిదప సాయుధపోరు కొనసాగింపరాదని వాదించిరి. సహచరులు పలువురు అందుకు సమ్మతింపలేదు. పోరాటమున సంపాదించిన పేరునకే ముప్పు వాటిల్లు వేళ తోచిన మాట చెప్పుట, భూమిని విడుచుటకంటె తక్కువ త్యాగము కాదు. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను.

1952 సాధారణ ఎన్నికలలో నల్లగొండనుండి ఆయన మూడు లక్షలకు పైగా ఓట్లతో లోక్‌సభకు ఎన్నికైరి. నెహ్రూగారికి లభించిన ఓట్లకంటె అవి అధికము. 1991లో కీర్తిశేషులైరి, మరుసటి ఏడు పద్మవిభూషణ పురస్కారము ప్రకటింపబడెను.

త్రిపురారమునుండియు, మిర్యాలగూడెమునుండియు చిలుకూరు దూరదేశము కాదు. మన విద్యార్థులు త్యాగమునకు నిదర్శనమును సముద్రముల కావల మాత్రమే వెదుకనక్కరలేదు.