జొహాన్ లుడ్విగ్ బర్క్‌హార్ట్

జొహాన్ లుడ్విగ్ బర్క్‌హార్ట్ (నవంబరు 24, 1784 - అక్టోబరు 15, 1817) స్విట్జర్లాండుకు చెందిన యాత్రికుడు, ప్రాచ్యభాషా పండితుడు. అరబ్బు దేశాలలో షేక్ ఇబ్రహీం అనే పేరుతో సంచరించాడు. జోర్డానులోని పెట్రా శిథిల నగరాన్ని, ఈజిప్టులోని అబూ సింబెల్ మహాలయాన్ని ఐరోపా వారికి తెలియజేసినవాడుగా ప్రసిద్ధి చెందాడు. అయితే ఈయన కృషిలో అంతకంటె విలువైనది 1813లో నైలు నది ఒడ్డునగల నూబియా గ్రామాలలో బస చేస్తూ వ్రాసుకొన్న దినచర్య అని చెప్పవచ్చు. ఆ గ్రామాలలో అనేకం నేడు నీటి అడుగున ఉన్నాయి.

బాల్యం, విద్యాభ్యాసం

బర్క్‌హార్ట్ లొసాన్ పట్టణంలో జన్మించాడు. వీరిది బాజెల్ నగరంలో సంపన్నమైన కుటుంబం. తండ్రి ఫ్రెంచివారి ప్రాబల్యాన్ని వ్యతిరేకించి కష్టాల పాలయ్యాడు. జర్మనీలోని లైప్జిగ్, గొట్టింగెన్ విశ్వవిద్యాలయాలలో చదివిన తరువాత ఈయన 1806లో ఉద్యోగం వెతుక్కొంటూ లండను చేరాడు. అక్కడ సర్ జోసెఫ్ బ్యాంక్స్ పరిచయంతో ఆఫ్రికన్ అసోసియేషన్ అనే సంస్థ తరఫున పనిచేయడానికి అంగీకరించాడు. కైరో నుండి వర్తకుల ఒంటెల బిడారుతో కలసి సహారా ఎడారిని దాటి, నైజర్ నదీ ప్రాంతాన్ని పరిశీలించడం ఆయనకు అప్పగించిన పని. అందుకోసం కేంబ్రిడ్జిలో అరబ్బీ నేర్చుకొన్నాడు. ఎండలో తలపాగా లేకుండా నడవడం, నేలపై పడుకోవడం, కూరగాయలు, నీళ్ళతో కడుపు నింపుకోవడం కూడా అభ్యసించాడు.

షేక్ ఇబ్రహీం

1809 మార్చిలో ఇంగ్లండు విడిచి, మాల్టా మీదుగా సిరియాలోని అలెప్పో చేరాడు. దారిలో తాను హిందూదేశానికి చెందిన ముస్లిం వర్తకుడనని చెప్పుకొనేవాడు. అరబ్బీ ఉచ్చారణలోని తేడాను కప్పిపుచ్చడానికి ఇది మంచి ఉపాయం. ఎవరైనా అనుమానించి హిందూస్తానీ మాట్లాడమంటే తన మాతృభాష అయిన స్విస్ జర్మన్‌లో గడగడా మాట్లాడేవాడట! విన్నవారిలో హిందూస్తానీ తెలిసినవారు లేకపోవడం ఆయన అదృష్టం.

సిరియాలో రెండేళ్ళకు పైగా ఉండి భాషనూ, ఇస్లాం ధర్మశాస్త్రాన్నీ క్షుణ్ణంగా నేర్చుకొన్నాడు. 1812 ఆగస్టు 22న పెట్రాను చూశాడు. సెప్టెంబరులో కైరో చేరాడు. పడమటికి పోయే బిడారు సమీప కాలంలో లేకపోవడంతో, ఎదురుచూస్తూ కూర్చోక నైలు వెంబడి దక్షిణానికి ప్రయాణం కట్టాడు.

నైలు తీర గ్రామాలలో

నూబియా అంటే ఈజిప్టుకు దక్షిణాన, అస్వాన్ నుండి సూడాను వరకు వ్యాపించిన నదీతీర ప్రాంతం. అస్వాన్ వద్ద ఉన్నదానిని భూగోళ పుస్తకాలు మొదటి జలపాతం అంటాయి. నిజానికది మన జోగ్ వంటి జలపాతం కాదు, బండరాళ్ళ మధ్య నది సుడులు తిరిగే తావు. దానికి ఎగువన ఎడారికీ నదికీ నడుమ సన్నని పొలం పట్టీ, ఖర్జూరపు తోపులు, వాటి వెంట చిన్న చిన్న ఊళ్ళు ఉండేవి.

1813 ఫిబ్రవరి 24న ఒక మార్గదర్శినీ, రెండు ఒంటెలనూ మాత్రమే వెంటబెట్టుకొని బర్క్‌హార్ట్ అస్వాన్ నుండి బయలుదేరాడు. సామాను తక్కువగా ఉంటే దోచుకొనేవారి దృష్టి పడదని ఆయన అంచనా. చీకటి పడే వేళకు ఏదో ఒక ఊరిలో దిగి, ఆ ఇంటివారు పెట్టినది తినేవాడు. ప్రధానాహారం జొన్న. ఆడవారు పిండి విసిరి పలుచని రొట్టెలు కాల్చేవారు. జొన్నరొట్టె తెలిసిన మన పాఠకులకు ఇది పరాయి భోజనం అనిపించదు. ఖర్జూరం వారికి పండూ, పైకమూ కూడా. ఇబ్రీం ఖర్జూరాలకు ఈజిప్టులో పేరు ఉండేది. ఇళ్ళు మట్టితోనో, వట్టి రాళ్ళు పేర్చియో కట్టుకొనేవారు. ఈ జనులలో దొంగతనం అరుదు అని ఆయన మెచ్చుకొన్నాడు. కెనూజ్, నూబా అనే రెండు భాషల పదాలను సేకరించి పట్టికలు వ్రాశాడు.

పొలాలకు నీరు పెట్టేది సాకియా. ఇది మన మోట వంటిది కాదు. కుండల వరుస కట్టిన చక్రాన్ని పశువులు తిప్పుతాయి. పన్నును భూమి విస్తీర్ణాన్ని బట్టి గాక, సాకియాల లెక్కన వసూలు చేసేవారు. హుస్సేన్, హసన్, మహమ్మద్ అనే ముగ్గురు అన్నదమ్ములు కాషిఫ్ అనే బిరుదుతో ఈ ప్రాంతాన్ని పాలించేవారు. వీరి ముఖ్యస్థానం దెర్. పన్ను సరే, దానికి మించిన పీడన మరొకటి ఉండేది. ఊరిలో ఎవరైనా కలిగినవాడు కనిపిస్తే పాలకుడు అతని కుమార్తెను పెండ్లికి అడిగేవాడు. కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అటుపై భార్యకు కానుకలనే మిషతో మామగారి ఆస్తిని ఊడ్చివేసేవాడు. సంపద ఉన్నవాడు దానిని దాచుకోవలసిన ఆ దుస్థితిని బర్క్‌హార్ట్ పట్టుకొన్నంత స్పష్టంగా, గుళ్ళూ గోపురాలూ చూడవచ్చిన యాత్రికులు పట్టుకోలేదు.

నోటు పుస్తకం ఎవరికంటా పడకుండా వ్రాయడం నిత్యగండం. మహస్ ప్రాంతంలోని తినారే వద్ద మహమ్మద్ కాషిఫ్ ఈయనను ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ వేగు అని నిందించాడు. ఇక ముందుకు పోవడం ప్రమాదమని వెనుదిరిగాడు. తిరుగు ప్రయాణంలో ఒంటె తోకను పట్టుకొని నైలును ఈది అవతలి ఒడ్డుకు చేరాడు.

మార్చి 22న అబూ సింబెల్‌లో నెఫెర్తారి రాణి ఆలయాన్ని చూసి పోబోతూ, కొంత పక్కకు తిరిగినప్పుడు ఇసుకలో కూరుకుపోయిన నాలుగు మహావిగ్రహాల పైభాగాలు కంటబడ్డాయి. అదే రెండవ రామెసెస్ ఆలయం. ఈయన చెప్పిన ఆనవాళ్ళతోనే బెల్జోనీ 1817 ఆగస్టు 1న ఇసుక తొలగించి లోపలికి ప్రవేశించాడు. అక్కడి గ్రామస్థులకు ఆ విగ్రహాలు ముందునుండీ తెలిసినవే కనుక దీనిని కనుగొనడం అనడం అంత ఉచితం కాదు.

షెండీ సంత

1814 మార్చిలో బానిస వర్తకుల బిడారుతో ఎడారి దాటి, సూడానులోని షెండీ చేరి నెలరోజులు ఉన్నాడు. అక్కడ ఏటా సుమారు 5,000 మంది బానిసలు అమ్ముడుపోతారని లెక్క కట్టి, ఆ వ్యాపారపు క్రౌర్యాన్ని దాపరికం లేకుండా వర్ణించాడు. కాని తాను కూడా ఒక బాలుని కొని, జెడ్డాలో మూడు రెట్ల ధరకు అమ్మి, ఆ లాభంతో ప్రయాణపు ఖర్చు దాదాపు తీర్చుకొన్నాడు. ఈ సంగతి ఆయనే వ్రాశాడు. మారువేషానికి అది అవసరమైందని కొందరు సమర్థిస్తారు. జెడ్డా చేరేనాటికి ఆ అవసరం తీరింది గదా, ఆ బాలుని విడిచిపెట్టక అమ్మడం దేనికి అన్న ప్రశ్నకు ఆ సమర్థనలో జవాబు లేదు.

మరణం, రచనలు

మక్కా, మదీనా దర్శించి 1815లో జబ్బుతో కైరోకు తిరిగివచ్చాడు. నైజర్ వైపు పోయే బిడారు కోసం ఎదురుచూస్తూనే 1817లో రక్తవిరేచనాలతో మరణించాడు. అప్పటికి నిండా 33 ఏళ్ళు లేవు. ముస్లిం సంప్రదాయం ప్రకారం కైరోలోని బాబ్ అల్-నస్ర్ వెలుపల ఖననం చేశారు. అరబ్బీ వ్రాతప్రతులను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. గ్రంథాలన్నీ మరణానంతరమే వెలువడ్డాయి: నూబియా యాత్రలు (1819), సిరియా యాత్రలు (1822), అరేబియా యాత్రలు (1829), అరబ్బీ సామెతలు (1830).

గ్రామాలు తరువాత ఏమైనాయి

1902లో పూర్తయిన అస్వాన్ ఆనకట్టను 1912లోను, 1933లోను ఎత్తు పెంచారు. ప్రతిసారీ కొన్ని ఊళ్ళు మునిగాయి. హై డ్యామ్ నిర్మాణంతో 1963-64లో ఈజిప్టులో సుమారు 50,000 మంది నూబియన్లను నదికి దూరంగా కొమ్ ఒంబో ప్రాంతానికి తరలించారు. సూడానులోని వాదీ హల్ఫా వారిని ఖష్మ్ అల్-గిర్బాకు పంపారు. అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య ముక్కలుగా కోసి 65 మీటర్ల ఎత్తున తిరిగి నిలిపారు. దెర్ ఆలయం కూడా చోటు మారింది, దెర్ ఊరు మాత్రం మునిగిపోయింది. నేడు యాత్రికులు చూసే ఘర్బ్ సొహేల్, ఎలిఫంటైన్ దీవిలోని రంగుల ఇళ్ళ నూబియన్ పల్లెలు హై డ్యామ్‌కు దిగువన ఉన్నవి. బర్క్‌హార్ట్ బస చేసిన ఊళ్ళలో అనేకం దానికి ఎగువన, నాసర్ సరస్సు అడుగున ఉన్నాయి.