సిద్ధేంద్రయోగి - కూచిపూడి మేళం

కృష్ణాజిల్లాలో, క్షేత్రయ్య స్వస్థలంగా ప్రసిద్ధమైన మొవ్వకు చేరువగా కూచిపూడి అనే చిన్న అగ్రహారం ఉన్నది. బాలాత్రిపురసుందరీ సమేతుడైన రామలింగేశ్వరుని కోవెల, దాని చుట్టూ భాగవతుల ఇండ్లు, ఆవల వరిచేలు - చూపులకు ఇంతకుమించిన విశేషం అక్కడ కనబడదు. అయినను ఆ పల్లె పేరే ఒక నాట్యసంప్రదాయానికి పేరై ఖండాంతరాలకు వ్యాపించినది. మహానగరాలకు, రాజధానులకు సైతం దక్కని ఈ భాగ్యం ఆ ఊరికి దక్కడానికి మూలపురుషుడు సిద్ధేంద్రయోగి అని తరతరాలుగా తెలుగువారి విశ్వాసం.

పరంపరగా వినవచ్చే అతని కథ ఇట్లున్నది. అతని పూర్వనామం సిద్ధప్ప. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలుడు ఉడిపిలోని మాధ్వపీఠంలో విద్య నేర్చి, పండితుడై స్వస్థలానికి తిరిగివచ్చినాడు. అతనికి చిన్ననాడే వివాహం జరిగి ఉన్నది. అత్తవారింటికి పోవడానికి కృష్ణానదిని దాటుతుండగా నడియేట వరద ముంచుకొని వచ్చినది. ప్రాణంపై ఆశ వదలుకొన్న ఆ క్షణాన, గట్టెక్కినట్లయితే శేషజీవితం శ్రీకృష్ణునికే అంకితం చేయగలనని మ్రొక్కుకొని, అతడు ఆతురసన్న్యాసం స్వీకరించినాడు. ఒడ్డు చేరిన పిదప మాట తప్పలేదు. ఏ ఇంటికై ఏరు దాటినాడో ఆ గడప తొక్కకుండానే యోగియై వెనుదిరిగినాడు.

అల్లుని రాకకై ఎదురుచూచిన ఆ ఇంట ఏమి జరిగినదో, ఆ బాలవధువు గతి ఏమైనదో కథ చెప్పదు. కాని ఏరు దాటి వచ్చిన యోగి రచించినది భామాకలాపం. అలిగి వెళ్లిన భర్త కొరకు వేగిపోయే ఇల్లాలి గాథ అది. తాను విడిచివచ్చిన ఎదురుచూపు అతని మనస్సును వెంటాడినదేమో!

సిద్ధేంద్రుని కాలనిర్ణయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కొందరు అతనిని చాల పూర్వుడంటారు. మరికొందరు కృష్ణలీలాతరంగిణీకర్త నారాయణతీర్థుల శిష్యుడని చెప్పి 17వ శతాబ్దికి తెస్తారు. ఇక మాచుపల్లి కైఫియతు మరొక చిక్కును కల్పిస్తున్నది. 16వ శతాబ్ది ఆరంభంలో సిద్ధవటం సీమను ఏలుతూ, పన్నుల కొరకు స్త్రీలను సైతం హింసించిన సంబెట గురవరాజు దుండగాలను కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు సముఖంలో కేళికగా ప్రదర్శించి చూపినారని, దాని ఆంతర్యం గ్రహించిన ప్రభువు సైన్యాన్ని పంపి ఆ దుర్మార్గుని శిక్షించినాడని ఆ కైఫియతు చెబుతున్నది. ఇది నిజమైతే, సిద్ధేంద్రుని 17వ శతాబ్దివాడుగా ఎంచేవారు ఆ ఊరి మేళం అతనికి పూర్వమే ఉన్నదని అంగీకరించవలసి ఉంటుంది. అప్పుడు అతడు మేళాన్ని పుట్టించినవాడు కాడు. ఉన్న మేళానికి ఒక కావ్యాన్ని, ఒక నియమాన్ని ఇచ్చి దానిని నిలబెట్టినవాడు. దీనివలన అతని గొప్పదనం తగ్గదు. పుట్టిన కళలన్నీ బ్రతకవు. బ్రతికించే కట్టుబాటు చేసినవాడు స్రష్టకు తీసిపోడు.

ఆ కావ్యం భామాకలాపం. పారిజాతాపహరణ కథను ఆశ్రయించిన ఈ కలాపంలో సత్యభామయే సర్వస్వం. తెరపై నుండి జడను ఇవతలికి వ్రేలాడవేసి, తనతో విద్యలో సాటిరాగలవారెవరైనా ఉన్నారా అని సభను సవాలు చేస్తూ ఆమె ప్రవేశిస్తుంది. ప్రవేశదరువుతో తన్ను తాను పరిచయం చేసుకొంటుంది. తరువాత విరహం, చెలికత్తె మాధవి పరిహాసం, నోట పలుకరాని భర్త పేరును సైగలతో తెలుపబోయి పడే తంటాలు, చివరకు కృష్ణునికి లేఖ వ్రాయడం - ఇట్లు కథ నడుస్తుంది. అహంకారంతో అడుగుపెట్టిన భామ వినయంతో నిలుస్తుంది. జీవాత్మ తన గర్వాన్ని వీడి పరమాత్మను చేరుకోవడమే ఇందలి అంతరార్థమని పెద్దలు వివరిస్తారు. ఆ అర్థం తెలియని పామరునికి సైతం ఇది మొగుడు పెండ్లాల అలుకగా రుచిస్తుంది. పండితునికీ పామరునికీ ఒకే పందిట చోటు కల్పించడం సిద్ధేంద్రుని నేర్పు.

కావ్యం కంటే గొప్పది అతడు పెట్టిన నియమం. కలాపాన్ని ఆడడానికి అతడు కూచిపూడి బ్రాహ్మణ బాలురను ఎన్నుకొన్నాడని, ఆ ఊర పుట్టిన ప్రతి పురుషుడు జీవితంలో ఒక్కమారైనా సత్యభామ వేషం కట్టి తీరవలెనని బాస చేయించుకొన్నాడని పరంపర చెబుతున్నది. ఈ బాసతో నాట్యం ఒకానొక నిపుణుని సొత్తుగా కాక ఊరి కర్తవ్యంగా మారినది. ఉపనయనం వలె భామవేషం కూడ ఒక సంస్కారమైనది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి మొదలైన ఇంటిపేర్లవారు తండ్రి నుండి కొడుకుకు, మేనమామ నుండి మేనల్లునికి ఈ విద్యను అప్పగిస్తూ వచ్చినారు. గోలకొండ ప్రభువు తానీషా (1672-1687) వీరి ప్రదర్శన చూచి మెచ్చి కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చినాడని ప్రతీతి. నియమం విద్యను నిలిపినది. అగ్రహారం ఆ విద్యను పోషించినది.

అయితే మేళం ఊరి పొలిమేరలోనే ఉండిపోలేదు. ఊరూరా తిరిగి, ఆలయం ముంగిటనో, నడివీధి పందిటనో రాత్రి పొద్దుపోయిన తర్వాత ఆట మొదలుపెట్టేవారు. చాకలివారు కాగడాలు పట్టేవారు, తెర పట్టేవారు. పాత్ర ప్రవేశించేవేళ కాగడాపై గుగ్గిలం చల్లగా భగ్గుమన్న వెలుగులో వేషం తళుక్కుమనేది. సూత్రధారుడు ఆట నడిపిస్తూ, సంస్కృత శ్లోకం వచ్చినచోట తేట తెలుగున విప్పి చెప్పేవాడు. అక్షరం రాని రైతుకు, పొద్దంతా శ్రమించిన కూలికి పురాణం, సంగీతం, తాళం, సంభాషణా చమత్కారం ఒక్క రాత్రిలో అందేవి. పల్లెలకు మేళమే బడి, మేళమే గ్రంథాలయం. కైఫియతు చెప్పిన గురవరాజు కథను బట్టి చూస్తే, నోరులేని ప్రజలకు మేళమే నోరు కూడ.

ఇంతటి నియమానికి మూల్యం కూడ ఉన్నది. స్త్రీ హృదయాన్ని ఇంత లోతుగా చిత్రించిన కళలో స్త్రీకే చాలకాలం ప్రవేశం లేకపోయినది. భామ అలుకను, సిగ్గును, కన్నీటిని పురుషులు అభినయించగా ఆ ఊరి ఆడపడుచులు ప్రేక్షకులుగానే మిగిలిపోయినారు. కాగడా పట్టినవారి బిడ్డలకు కాలికి గజ్జె దక్కలేదు. 20వ శతాబ్దిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు స్త్రీలకు కూడ ఈ విద్య నేర్పినారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి దేశవిదేశాల యువతులకు ఈ నాట్యాన్ని అందించినారు. మరొకవంక బందా కనకలింగేశ్వరరావు గారి కృషితో కూచిపూడిలోనే సిద్ధేంద్రుని పేరిట కళాక్షేత్రం వెలసినది. భామవేషంలో వేదాంతం సత్యనారాయణశర్మ గారు పురుషుడన్న స్మృతినే ప్రేక్షకుల మనస్సులో చెరిపివేసి, 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందినారు. పాత బాస ఇంకను సజీవమేనని ఆయన అభినయం లోకానికి చాటినది. కొత్త శిష్యురాండ్రు ఆ బాసలో లేని తలుపును తెరిచినారు.

సిద్ధేంద్రుడు ఏ శతాబ్దివాడైనను కావచ్చును. అతని సమాధి కంటే, శాసనం కంటే బలమైన సాక్ష్యం ఒకటి ఉన్నది. రాజులు పోయినారు, కోటలు కూలినవి. ఆ చిన్న పల్లెలో ఒక బాలుని జడకు కుచ్చులు కట్టి భామగా నిలబెట్టే ఆచారం మాత్రం తరాలు దాటి వచ్చినది. ఒక విద్యను ధనం కొన్నాళ్లు నిలుపగలదు, అధికారం మరికొన్నాళ్లు నిలుపగలదు. ఊరంతా తనదని తలచినప్పుడే అది శతాబ్దాలు నిలుస్తుంది. ఏరు దాటుతూ తాను చేసిన బాసను నిలుపుకొన్న యోగి, మరొక బాసను ఊరికి అప్పగించి వెళ్లినాడు. దానిని నిలుపుకొన్న ఘనత కూచిపూడిది.