ఆచార్య సత్యేంద్రనాథ్ బోసు

ఆచార్య సత్యేంద్రనాథ్ బోసు 1894 జనవరి 1వ తేదీన కలకత్తాలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహామహుల శిష్యరికం ఆయనకు లభించింది. మేఘనాద సాహా సహాధ్యాయి. 1915లో ఎం.ఎస్సీ. పరీక్షలో బోసుగారు ప్రథములుగా, సాహాగారు ద్వితీయులుగా ఉత్తీర్ణులైనారు.

1921లో, అప్పుడే నెలకొన్న ఢాకా విశ్వవిద్యాలయంలో బోసుగారు రీడరుగా చేరారు. అక్కడ ప్లాంకు సూత్రాన్ని బోధించడం ఆయనకు తృప్తినిచ్చేది కాదు. వేడి వస్తువు వెలువరించే కాంతిలో ఏ రంగు పాలు ఎంతో తెలిపే ఆ సూత్రం ప్రయోగాలకు చక్కగా సరిపోతుంది. కాని దానిని రాబట్టే మార్గంలో సగం పాత తరంగ సిద్ధాంతం, సగం కొత్త క్వాంటం భావన. అటువంటి అతుకుల బొంతను విద్యార్థులకు అప్పగించడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఆయన కనుగొన్న కీలకం చూడడానికి అతి స్వల్పం. రెండు గవ్వలను రెండు పెట్టెలలో ఉంచే విధాలు నాలుగు. ఆ గవ్వలకు ఇది, అది అనే భేదమే లేదనుకుంటే విధాలు మూడే. కాంతికణాలు అటువంటివని భావించి లెక్కించగా ప్లాంకు సూత్రం తనంతట తానే వెలువడింది. 1924 జూన్‌లో ఆ వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపగా, ఆ మహనీయుడు స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి ప్రకటింపజేశారు. ముక్కు మొగం తెలియని యువకునిపట్ల ఇంతటి ఆదరణ శాస్త్రలోకంలో కూడా అరుదే.

కాంతికణానికి స్వయంభ్రమణం ఉండవచ్చునని కూడా బోసుగారు ఊహించారు. దానికి 1931లో ప్రయోగపూర్వకమైన ఆధారం చూపినవారు సి.వి. రామన్, మన తెలుగువారైన సూరి భగవంతంగారు. భగవంతంగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి కావడం మనకు గర్వకారణం.

1945లో కలకత్తాకు మరలివచ్చిన బోసుగారు, మాతృభాషలో విజ్ఞానబోధ కోసం 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించారు. 1954లో పద్మవిభూషణ్, 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి. నోబెల్ బహుమతి మాత్రం రాలేదు. ఎస్రాజ్ వాయించడం ఆయనకు ప్రీతి. 1974 ఫిబ్రవరి 4న పరమపదించారు.

ఢాకాలో వేసిన ఆ లెక్కకు అతి కఠినమైన పరీక్ష ఆయన అనంతరం, అంతరిక్షంలో జరిగింది. విశ్వం పుట్టిన 3,80,000 సంవత్సరాలకు వెలువడిన కాంతి సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి నేటికీ మనలను చేరుతున్నది. దారిలో విశ్వం వ్యాకోచించి ఆ తరంగాల పొడవు దాదాపు 1,100 రెట్లు పెరిగింది. 3,000 డిగ్రీల కెల్విన్ ఉష్ణోగ్రత 2.7 డిగ్రీలకు దిగింది. ఇంత జరిగినా కాంతి తన స్వరూపం కోల్పోకపోవడానికి కారణం బోసుగారి గణనలోనే ఉన్నది. ఒక స్థితిలో ఎన్ని కణాలుండాలో నిర్ణయించేది పౌనఃపున్యానికి, ఉష్ణోగ్రతకు గల నిష్పత్తి. రెండూ సమంగా తగ్గగా నిష్పత్తి మారలేదు. దాదాపు శూన్యమైన ఆ దారిలో కణాలను చెదరగొట్టే పదార్థమూ బహు స్వల్పం. 1989 నవంబరులో అమెరికా ప్రయోగించిన కోబె ఉపగ్రహం ఆ కాంతిని కొలిచింది. తుది లెక్కలో ప్లాంకు వక్రరేఖకు, ఆ కొలతలకు తేడా పదివేలలో ఒక వంతుకన్నా తక్కువగా తేలింది.