గబ్బిలముతో కబురు పంపిన కవి



2001లో మూతపడిన మన బంగారు గనులలో తరతరాలు పనిచేసిన కుటుంబాలకు చీకటి కొత్త కాదు. చీకటిలో తిరిగే గబ్బిలమును దూతగా చేసి కావ్యము చెప్పిన గుర్రం జాషువా గారిని గూర్చి ఈసారి వ్రాయుచున్నాను.

వారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో, క్రైస్తవ కుటుంబములో జన్మించారు. రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చెప్పారు, గుంటూరు లూథరన్ మిషన్ బడిలో పంతులుగా పనిచేశారు. పురాణ గాథలపై పద్యాలు వ్రాసినందుకు మన క్రైస్తవ పెద్దలే ఆయనను వెలివేశారు. అంటరానివాడని అవతలివారూ అవమానించారు. అయినా ఆయన ఆ కథలను విడువలేదు.

కాళిదాసు యక్షుడు ప్రియురాలి కొరకు మేఘమును పంపాడు. 1941 నాటి 'గబ్బిలము'లో ఒక అంటరాని పేదవాడు తన ఆకలిని, అవమానమును కాశీ విశ్వనాథునికి విన్నవించమని గబ్బిలమును పంపుతాడు. గుడిలోనికి అతనికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు ఉన్నది! అదే సంగతి అర్జీగా వ్రాసియుంటే ఏనాడో చెదలు తినేది.

ఉపాధ్యాయ శిక్షణ నాడు నాకది పరీక్ష పాఠము మాత్రమే. తరువాత బడిలో ఈ కథ చెప్పుచుండగా, గబ్బిలమును గుడివారు ఎందుకు ఆపలేదని ఒక పిల్లవాడు అడిగాడు. తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. నేనూ వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

వెలియైన ఆ కవే 'క్రీస్తు చరిత్ర'ను పద్యాలలో వ్రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ బిరుదు పొంది, 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.