ఓటో లిలియెంటాల్

సంక్రాంతి దినములలో మన చిట్కుల్ గ్రామమున మేడలమీదను చెఱువు గట్టుమీదను గాలిపటము లెగురవేయు బాలురను మేము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. పటమునకు సూత్రము కట్టుటలోనే విద్య యంతయు నున్నదని వారికి మనము చెప్పనక్కఱలేదు. సూత్రము సరిగ నున్నయెడల పటము గాలికి కొంచెము వాలి సులభముగ లేచును. ఆ వాలు మించి పటము గాలికెదురుగ గోడవలె నిలువబడినచో దారము తెగునంతగ బిగియునే కాని పటము లేవదు. గిఱ్ఱున తిరిగి తలక్రిందుగ పడును. ఏ వాలువద్ద గాలి యెత్తును, ఏ వాలు దాటిన పడవేయును అను ప్రశ్నను జీవితమంతయు వెదకి, కొలిచి, తుదకు దానిచేతనే ప్రాణము కోల్పోయిన యొక పురుషుని చరిత్రమును ఈ సంచికయందు మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి. ఆయన పేరు ఓటో లిలియెంటాల్.

మనకు చాల దూరము కాని దుండిగల్లునందు వైమానికదళ అకాడమీ కలదు. అచ్చట యువకులును, ఇటీవలి కాలమున యువతులును, విమానము నడుపుట నేర్చుచున్నారు. ఎచ్చటనైనను ఈ విద్య నేర్చువారికి చెప్పు తొలి పాఠములలో నొకటి యిది: విమానమును తగినంత ఎత్తునకు కొనిపోయి, కావలెననియే వేగము తగ్గించి, ముక్కును కొంచెము కొంచెముగ పైకెత్తుచు, రెక్క యెప్పుడు విడిచిపెట్టునో స్వయముగ చూడవలెను, విడిచిన తక్షణమే ముక్కును క్రిందికి వంచి, పోయిన వేగమును తిరిగి తెచ్చుకొనవలెను. పడిపోవుచున్నవానికి పైకి లాగవలెననియే బుద్ధి పుట్టును. లాగినచో మఱింత పడును. లోకమున కీ పాఠము మొదట తెలిసినది లిలియెంటాల్ బ్రదుకువలనను, ఆయన చావువలనను.

ఆయన 1848వ సంవత్సరము మే నెల 23వ తేదీన ప్రష్యా రాజ్యములోని పొమెరేనియా మండలమున ఆంక్లాం అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బట్టల వర్తకుడు. ఎనమండుగురు బిడ్డలు కలిగినను ఓటో, తమ్ముడు గుస్తావ్, చెల్లెలు మేరీ అను ముగ్గురే దక్కిరి. 1861లో తండ్రి గతింపగా తల్లి కరోలీన్ మిగిలిన బిడ్డలను కష్టపడి పెంచి చదువు చెప్పించెను.

ఆంక్లాం చుట్టును పచ్చికబీళ్ళు గలవు. వేసవియందు కొంగలు వచ్చి అచ్చట గూళ్ళు కట్టుకొనును. మంజీరా నదీతీరమున ఎఱ్ఱకాళ్ళ కొంగలను చూచినవారికి ఆ దృశ్యము క్రొత్తది కాదు. అన్నదమ్ము లిద్దఱును బీళ్ళలో పండుకొని వానిని చూచుచుండెడివారు. కొంగ యెప్పుడును గాలికెదురుగ పరుగెత్తియే లేచునని వారు బాల్యముననే కనిపెట్టిరి. అది దిగునప్పటి విధమును మనమును చూడవచ్చును: రెక్కలు వెడల్పుగ చాచి, ఱొమ్ము పైకెత్తి, వేగమును చంపివైచి, నేల కంటుకొను క్షణముననే రెక్కలు విడిచిపెట్టును. అడుగు ముందు విడిచిన కాళ్ళు విఱుగును. సోదరులు పలుచని చెక్కలతో రెక్కలుచేసి చేతులకు కట్టుకొని పరుగెత్తిరి. తోటి పిల్లలు నవ్వుదురను భయముచేత ఈ పనియంతయు రాత్రివేళల జరిగెను. ఆ రెక్క లెగురలేదు.

పాట్స్‌డాం పట్టణపు పారిశ్రామిక పాఠశాలలోను, అటుపిమ్మట బెర్లిన్ నగరపు యంత్రశాలలోను, పారిశ్రామిక విద్యాలయములోను చదివి, పని నేర్చి, ఓటో ఇంజనీరయ్యెను. 1870లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధమున సైనికుడుగ పనిచేసెను. 1878లో ఆగ్నెస్ ఫిషర్ అను ఆమెను వివాహమాడెను. వారికి నలుగురు బిడ్డలు. 1883లో స్వంతముగ ఆవిరియంత్రముల కర్మాగారము పెట్టి, కొంతకాలమునకు లాభములో నాలుగవవంతు పనివారికి పంచునట్లు ఏర్పాటు చేసెను. కర్మాగారములమధ్య బ్రదుకు మన ప్రాంతమువారికి ఆ సంగతి యొక్కటియే యొక వ్యాసమునకు చాలును. కాని మేము గాలిమాటకే పోయెదము.

1874లో ఆయన తమ్మునితో కూడి క్రమమైన కొలతలకు పూనుకొనెను. ఒక నిలువు ఇరుసుపై తిరుగు అడ్డకఱ్ఱ చివర చిన్న రెక్కలను బిగించి, ఒక్కొక్క వాలులో నుంచి త్రిప్పుచు, గాలి వానిని ఎంత పైకెత్తుచున్నది, ఎంత వెనుకకు త్రోయుచున్నది అను రెంటిని కొలిచిరి. చదునైన పలకకంటె పక్షిరెక్కవలె కొంచెము వంపుగల పలక చాల హెచ్చుగ నెత్తునని అందువలన తేలెను. ఇన్ని యేండ్ల కొలతలను పటములతో గ్రంథముగ కూర్చి 1889లో ప్రకటించెను. పక్షుల యెగురుటయే విమానవిద్యకు పునాది యని దాని పేరే చెప్పును.

ఇచ్చట మేము కొంచెము నిలిచి ఆ కొలతల భావమును విప్పి చెప్పవలెను. లేనియెడల ముందు వచ్చు కథ తెలియదు. బస్సు కిటికీనుండి చేయి బయట పెట్టవద్దని మేము మీకు నిత్యము చెప్పుచున్నాము. చిన్నతనమున మేమును పెట్టితిమి. అఱచేతిని గాలికి చదునుగ పట్టిన ఏమియు కాదు. ముందంచును కొంచెమెత్తిన చేయి పైకి లేచును. మఱి కొంచెమెత్తిన మఱింత లేచును. ఇంకను ఎత్తి నిలువుగ పట్టినచో లేచుట మాని వెనుకకు కొట్టుకొనిపోవును. రెక్క సంగతియు నిదియే. గాలి వచ్చు దిక్కునకును రెక్కకును నడిమి కోణము పెరిగినకొలది ఎత్తుబలము పెరుగును. సామాన్యముగ 15 డిగ్రీల ప్రాంతమున, రెక్క యాకారమునుబట్టి కొంత యిటునటుగ, దానికి హద్దు గలదు. ఆ హద్దు దాటగనే రెక్క వీపుమీద నునుపుగ జాఱుచుండిన గాలి దానిని వీడి సుడులుగ చెదరును. ఎత్తుబలము ఒక్కమాఱుగ తగ్గిపోవును. దీనినే విమానికులు స్టాల్ అందురు. ఇంజను ఆగిపోవుట యని పలువు రనుకొందురు, అది పొరపాటు. ఇంజను చక్కగ మ్రోగుచుండగనే రెక్క స్టాలగును. లిలియెంటాలునకు ఇంజనే లేదు.

వేగము తగ్గిన విమానము ముక్కెత్తుట ఏల? వేగము సగమైనయెడల, అదే కోణముతో రెక్క యెత్తు బలము నాలుగవవంతగును. బరువు మాత్రము తగ్గదు. కావున ఆ కొఱతను కోణము పెంచి పూరింపవలెను. మెల్లగ నడచుకొలది ముక్కు పైకి లేచుచుండును. లేచుకొలది హద్దు దగ్గఱపడుచుండును. ఇందులో మఱియొక చిక్కు గలదు. నడుపువాని కన్ను ముక్కును దిక్చక్రముతో పోల్చి చూచును. రెక్కకు దిక్చక్రముతో పనిలేదు, తన మీదికి వచ్చు గాలియే దానికి తెలియును. సమముగ పోవునప్పుడు రెండు కోణములును ఇంచుమించు ఒక్కటే. క్రిందికి దిగుచున్నప్పుడు ముక్కు కొంచెముగనే యెత్తినట్లుండును, ఒక్కొక్కప్పుడు వంగినట్లును ఉండును. అయినను గాలి క్రిందినుండి వచ్చుచుండుటచేత రెక్క హద్దు దాటియుండవచ్చును. క్రిందినుండి ఒక్క వేడిగాలి విసరు తగిలినను అట్లే యగును.

1891లో లిలియెంటాల్ కాగితములు విడిచి కొండ యెక్కెను. పాట్స్‌డాం సమీపమున డెర్విట్స్ గ్రామమువద్ద సుమారు 25 మీటర్లు గాలిలో జాఱెను. 1893 నాటికి రీనో కొండలనుండి 250 మీటర్ల వఱకు పోగలిగెను. 1894లో బెర్లిన్ చెంత లిచ్టర్‌ఫెల్డెయందు తనకొఱకే 15 మీటర్ల మట్టిగుట్ట నొకదానిని పోయించుకొనెను. ఆయన యంత్రము తడికె పందిరికంటె గొప్పది కాదు: విల్లో బెత్తములు, వానిమీద బిగించిన నూలుబట్ట, సుమారు 20 కిలోల బరువు. అట్టివానిని చేసి యితరులకును విక్రయించెను. ఇంగ్లాండునుండి పెర్సీ పిల్చర్, రష్యానుండి ఆచార్య జుకోవ్‌స్కీ కొనినవారిలో నుండిరి. మొత్తముమీద ఆయన సుమారు రెండువేల మాఱు లెగిరెనందురు. అన్నియు కూడ గాలిలో గడపిన కాలము అయిదు గంటల ప్రాంతమే.

ఆ యంత్రమునకు కదలించు చుక్కాని లేదు. మోచేతులు చట్రమునం దానించి, నడుము క్రింది భాగము వ్రేలాడుచుండగా, కాళ్ళను ముందుకు చాచిన ముక్కు వంగును, వెనుకకు చాచిన లేచును. ఇంతే సాధనము. నేటి హ్యాంగ్ గ్లైడర్లవారు పట్టీనుండి వ్రేలాడుచు శరీరమంతయు ముందు వెనుకలకు జరుపగలరు. ఆయనకు కాళ్ళ బరువే గతి.

ఈ కొఱత ఆయనకు తెలియనిది కాదు. ఒకసారి సుమారు 20 మీటర్ల ఎత్తున మంచి వేగముతో పోవుచుండగా, శరీరము వెనుకకు జాఱి, అలసిన చేతులతో ముందుకు లాగుకొనలేకపోయెను. వెనుక బరువెక్కిన యంత్రము ముక్కెత్తి, మఱింత యెత్తి, తుదకు నిట్టనిలువుగ ఆకాశమునకు దూసికొనిపోయెను. నీలాకాశమును తెల్లని మబ్బులును తప్ప ఆయన కేమియు కనబడలేదు. యంత్రము క్షణకాలము నిలిచి, వెనుకకు జాఱి, తిరగబడి, ఆయనతో కూడ నేలకు దూకెను. ముందువైపున కట్టియుండిన బెత్తపు వంపు నేలకు తగిలి విఱిగి దెబ్బను మ్రింగినది. తలకు గాయమును, ఎడమచేతికి బెణుకును మాత్రమే మిగిలెను. కోలుకొని మరల కొండ యెక్కెను. ఆ సాహసమును మెచ్చుకొనవలెనో, అప్పుడే కాళ్ళకంటె బలమైన సాధన మొకటి వెదకియుండవలసినదని యనవలెనో మేము చాల ఆలోచించితిమి. రెండును అనవలెనని మాకు తోచుచున్నది.

1896 ఆగస్టు 9వ తేదీ, ఆదివారము. స్టోల్న్ గ్రామమువద్ద గోలెన్‌బెర్గ్ కొండమీద ఎండ బాగుగ కాయుచుండెను. వెంట నున్నవాడు పాల్ బైలిష్ అను పనివాడు. మొదట ఎగురుటలు చక్కగ సాగెను. పిమ్మట ఎగిరినప్పుడు నేలనుండి లేచిన వేడిగాలి కాబోలు యంత్రమును క్రిందినుండి తాకగా ముక్కు లేచెను. యంత్రము గాలిలో నిలిచిపోయినట్లాయెను. లిలియెంటాల్ కాళ్ళు ముందుకు విసరి ముక్కు వంచుటకు యత్నించెను, చాలలేదు. సుమారు 15 మీటర్ల ఎత్తునుండి పడి మెడయెముక విఱిగెను. మొదట తెలివితోనే యుండెను. రైలుమీద బెర్లిన్ వైద్యశాలకు కొనిపోగా మఱునాడు సాయంకాలము ప్రాణము విడిచెను. వయస్సు 48 సంవత్సరములు.

యంత్రమే చెడ్డదని పలువురు చెప్పుకొనిరి. 2016లో జర్మనీ దేశపు విమానశాస్త్ర పరిశోధన సంస్థవారు దానికి సరియైన ప్రతిరూపము చేయించి గాలిసొరంగమున పరీక్షింపగా, అది నిలుకడ గల యంత్రమే యని తేలినది. కొఱత గాలి విసరిన వేళ ముక్కు వంచు బలమునందే.

ఆయన మరణవార్త అమెరికాలో డేటన్ పట్టణమున సైకిళ్ళ వ్యాపారము చేయు అన్నదమ్ము లిద్దఱను కదలించెను. వారు విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. లిలియెంటాల్ ఎట్లు పడెనో వారు మఱువలేదు. అందుచేతనే తమ యంత్రమునకు ముక్కునెత్తి దించు చుక్కానిని ముందువైపున పెట్టి, చేతితో త్రిప్పునట్లు చేసిరి. 1901 వేసవిలో విల్బర్ ఎక్కిన గ్లైడరు సరిగ లిలియెంటాల్ యంత్రమువలెనే ముక్కెత్తి నిలిచిపోయెను. కాని తలక్రిందు కాక, చాపవలె మెల్లగ నేలకు దిగెను. విల్బరునకు దెబ్బ తగులలేదు. 1903 డిసెంబరు 17వ తేదీన వారు ఇంజనుతో ఎగిరిన సంగతి పాఠ్యపుస్తకములలో మీరు చదివినదే. తరువాతి కాలమున ఆ చుక్కాని తోకకు మాఱినది.

నేడు పలు దేశములలో ఇంటివద్ద స్వహస్తములతో చిన్న విమానములు కట్టుకొనువారు వేలకొలది గలరు. అమెరికాలో 1953లో ఇట్టివారు సంఘముగ నేర్పడిరి. ఒకే నమూనాను చూచి ఇద్దఱు కట్టినను, రెక్కయంచు వంపులోను బరువు కూర్చిన చోటులోను కొంత భేదముండుట సహజము. కావున క్రొత్త విమానము మెల్లగ పోవునప్పుడు ఏ వేగమున, ముక్కు ఎంత యెత్తిన స్టాలగునో కట్టినవాడు పుస్తకము చూచి నమ్మరాదు. చాల ఎత్తునకు పోయి, జంకు లేనిచోట పరీక్షించి వ్రాసికొనవలెను. నేలకు దగ్గఱగ దిగుచు మలుపు తిరుగునప్పుడు అది తెలియుటవలన లాభము లేదు. మలుపులో రెక్క మోయు బరువు హెచ్చును. 60 డిగ్రీలు వాలి సమమైన ఎత్తున తిరుగువానికి స్టాలగు వేగము ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును. తోకక్రింద చక్రముగల విమానము నేలమీద నిలిచినప్పుడే ముక్కెత్తి యుండును. మూడు చక్రములును ఒక్కసారి తాకునట్లు దిగునప్పుడు రెక్క హద్దుకు దగ్గఱగ వచ్చునట్లు ఆ యెత్తును అమర్చుట వాడుక. అనగా కొంగ దిగునట్లే.

స్టోల్న్ గ్రామస్థులు లిలియెంటాలును మఱువలేదు. 1989 అక్టోబరు 23వ తేదీన తూర్పు జర్మనీ విమానసంస్థవారు పని చాలించిన ఇల్యూషిన్-62 అను పెద్ద ప్రయాణీకుల విమానమును గోలెన్‌బెర్గ్ చెంత పచ్చికబీటిలో దింపిరి. అంతటి విమానమునకు మామూలుగ పొడవైన సిమెంటు బాట కావలయును. అచ్చట గలది కిలోమీటరైనను లేని గడ్డినేల. సాధ్యమైనంత మెల్లగ, ముక్కు పైకెత్తి వచ్చి, చక్రములు మోపి, దుమ్ము రేపుచు అది క్షేమముగ నిలిచెను. దానికి ఆగ్నెస్ పేరు పెట్టిరి. ఆయన పడిన కొండ ప్రక్కనే అది నేటికిని నిలిచియున్నది.