నారాయణదాసుగారి లయవిద్య

అమలాపురము, రాజోలు, కొత్తపేట సీమల శ్రీరామనవమి పందిళ్లలో హరికథకునకు ఒక పరీక్ష ఎదురయ్యెడిది. ముందు కూర్చున్న సంగీతజ్ఞుడు విద్యను కోరెడివాడు. వెనుక చాపపై కూర్చున్న రైతు కథను కోరెడివాడు. ఉభయులను ఒక్క వేదికపై మెప్పించు మార్గమును తెలుగువారికి చూపిన మహనీయులు శ్రీ ఆదిభట్ల నారాయణదాసుగారు.

విజయనగర ప్రాంతమందలి అజ్జాడ గ్రామమున 1864లో జన్మించిన దాసుగారు 1883లో ధ్రువచరిత్రతో హరికథకులైరి. రెండు చేతులతో, రెండు పాదములతో, శిరస్సుతో ఐదు తాళములను ఏకకాలమున నడపగల లయజ్ఞులగుటచే పంచముఖీ పరమేశ్వరులని ప్రసిద్ధి కాంచిరి. తొంబది రాగములతో మంజరిని కూర్చినవారును వీరే.

ఇంతటి కఠినవిద్య సామాన్య శ్రోతకు అందునా? అందదని తలచి దాసుగారు విద్యను తగ్గింపలేదు. దానిని కథలో ఇమిడ్చిరి. కాలికి గజ్జె, చేతిలో చిడతలు, పాట, పద్యము, వచనము, అభినయము. ఒక్కరే సకల పాత్రలై నిలిచెడివారు. తాళము లెక్కింపనేరనివానికి సావిత్రి దుఃఖము తెలిసెడిది. తెలిసినవానికి ఆ దుఃఖముతోపాటు లయచాతుర్యమును గోచరించెడిది.

1919లో విజయనగర సంగీత పాఠశాలకు ప్రథమాధ్యక్షులై, 1936 వరకు ఆ పదవి నిర్వహించి, 1945 జనవరి 2న పరమపదించిరి. గౌతమీ తీరమున కపిలేశ్వరపురమందు 1973లో హరికథా పాఠశాల వెలసినది.

కఠినమైన పాఠము వచ్చినపుడు దానిని విడిచిపెట్టుట సులభము. విద్యార్థిని నిందించుట మరింత సులభము. దాసుగారు ఈ రెంటిని కాదని మూడవ త్రోవ త్రొక్కిరి. ఉపాధ్యాయులకు వారి జీవితమున లభించు పాఠమిదియే.