ఐజాక్ సింగర్ – మన ఇళ్ళ కుట్టు మిషను వెనుక మనిషి



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని కార్యవర్గం వారు కోరారు. ఇటువంటి వ్యాసాలలో సాధారణంగా సంఘసంస్కర్తలు, కవులు, దేశభక్తులు కనిపిస్తారు. నేను ఎంచుకున్న వ్యక్తి ఆ కోవకు చెందినవాడు కాడు. అయినా ఆయన పేరు మన ఊళ్ళలో చదువు రానివారికి సైతం తెలుసు. నల్లటి ఇనుప మిషను మీద బంగారు రంగు అక్షరాలలో ఉండే ఆ పేరు సింగర్. పూర్తి పేరు ఐజాక్ మెరిట్ సింగర్.

ఈయన మీదకు నా దృష్టి మళ్ళడానికి కారణం ఉంది. పదవీ విరమణ చేశాక నేను ఇంట్లో బట్టలు కుట్టడం నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ట్రెజరీలో బిల్లులు చూసిన గుమస్తాకు ఈ సూదీ దారం గొడవ ఏమిటని కొందరు మిత్రులు నవ్వారు. మా ఇంటావిడ మాత్రం నవ్వకుండా గురుపీఠం ఎక్కింది. మొదటి పాఠం దారం లేకుండానే. పాత గీతల కాగితం మీద ఉత్త సూదితో గీత వెంట గీత కుట్టించింది. కాలు తొక్కడం, చేత్తో నడపడం కుదిరాక దిండు గలీబులు, తరువాత కూరగాయల సంచులు, ఆ పైన మనవడి నిక్కరు. ఆ మిషను ఎవరి తెలివి, ఎలా పుట్టింది అని తెలుసుకోబోతే ఒక పెద్ద కథే బయటపడింది.

సింగర్ 1811లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. తండ్రి జర్మనీ నుండి వలస వచ్చినవాడు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే ఇల్లు వదలి, చేతికి దొరికిన పనల్లా చేశాడు. యంత్రాల పని పట్టుబడింది గాని మనసంతా నాటకాల మీద. ఆరడుగులు దాటిన ఆజానుబాహువు, గంభీరమైన గొంతు. 1839లో రాతిని తొలిచే యంత్రం ఒకటి కనిపెట్టి, దాని హక్కులు 2,000 డాలర్లకు అమ్మాడు. ఆ సొమ్ముతో ఏ పొలమో ఇల్లో కొనుక్కోలేదు, నాటక సమాజం పెట్టాడు! అయిదేళ్ళు ఊరూరా తిరిగాక సొమ్మూ పోయింది, సమాజమూ పోయింది. మన సురభి వారికి, మైలవరం వారికి జనం పట్టిన నీరాజనం ఆయనకు దక్కలేదు.

మళ్ళీ పనిముట్లు పట్టాడు. అచ్చు అక్షరాలు చెక్కే యంత్రం ఒకటి తయారు చేస్తే, న్యూయార్క్‌లో బాయిలరు పేలి ఆ నమూనా ధ్వంసమైంది. అప్పటికి నలభై ఏళ్ళకు చేరువయ్యాడు. చేతిలో పైసా లేదు. 1850లో బోస్టన్ నగరంలో ఆర్సన్ ఫెల్ప్స్ అనే ఆయన పనిశాలలో చేరాడు. అక్కడ అప్పటికే వేరే వాళ్ళ కుట్టు మిషన్లు తయారవుతున్నాయి, మాటిమాటికి చెడిపోయి మరమ్మతుకు వస్తున్నాయి.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. కుట్టు మిషను కనిపెట్టినది సింగర్ కాడు. ఫ్రాన్సులో తిమొనియే అనే దర్జీ అంతకు ముందే మిషన్లు చేసి సైనికుల దుస్తులు కుట్టించగా, తమ కూడు పోతుందన్న భయంతో పారిస్ దర్జీలు 1831లో దాడి చేసి వాటిని విరగ్గొట్టారు. అమెరికాలో వాల్టర్ హంట్ 1834 ప్రాంతంలో మిషను చేసి కూడా పేటెంటు తీసుకోలేదు. కుట్టుపని మీద బతికే ఆడవాళ్ళ నోటి దగ్గర కూడు పోతుందని కూతురు వారించినట్లు చెబుతారు. సూది మొనలో బెజ్జం, పైదారం, కిందదారం కలిసి ముడిపడే కుట్టు, ఈ రెండూ ఉన్న మిషనుకు 1846లో పేటెంటు పొందినవాడు ఎలియాస్ హౌ.

మరి సింగర్ చేసినదేమిటి? అప్పటి మిషన్లలో సూది వంకరగా ఉండి అడ్డంగా కదిలేది, బట్టను నిలువుగా వేలాడదీసి కుట్టేవారు, కొద్ది కొద్దిగా కుట్టి ఆపి మళ్ళీ అమర్చుకోవలసి వచ్చేది. సింగర్ సూదిని నిటారుగా నిలబెట్టి పైకీ కిందికీ ఆడించాడు. బట్టను బల్ల మీద పరిచాడు. అది లేవకుండా అదిమి పట్టే పాదం పెట్టాడు. చేతులు రెండూ బట్టకే ఉండేటట్లు కాలితో తొక్కే ఏర్పాటు చేర్చాడు. ఈనాటికీ మన ఇంటి మిషను అంతే కదా! జార్జ్ జీబర్ అనే మిత్రుడు ఇచ్చిన 40 డాలర్లతో, పదకొండు రోజుల్లో నమూనా పూర్తి చేశాడంటారు.

తీరా నడిపితే కుట్టు బిగియలేదు. అర్ధరాత్రి దాటే దాకా ప్రయత్నించి, విసిగి, జీబరూ ఆయనా బసకు బయలుదేరారు. దారిలో మాటల మీద, దారపు ఉచ్చులన్నీ బట్టకు ఒక పక్కనే పడుతున్నాయని జీబర్ అన్నాడు. దానితో సింగర్‌కు తట్టింది. సూది దారానికి బిగువు ఇవ్వలేదని! వెంటనే వెనక్కి వెళ్ళి ఆ బిగువు అమర్చగానే కుట్టు కుదిరింది. నేర్చుకునే వారికి ఈ ఘట్టం ఒక పాఠం. బట్ట అడుగున దారం గుత్తులుగా పడితే చాలామంది కింద ఉన్న బాబిన్‌ను తిడతారు. నూటికి తొంభై సార్లు దోషం పైదారంలో ఉంటుంది. పాదం పైకెత్తి దారం మళ్ళీ ఎక్కించి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది.

1851 ఆగస్టు 12న సింగర్‌కు పేటెంటు వచ్చింది. ఆ వెంటనే హౌ దావా వేశాడు. లాయరు అవసరం పడి, సింగర్ ఎడ్వర్డ్ క్లార్క్ అనే ఆయన్ను భాగస్థుడిగా చేర్చుకున్నాడు. 1854లో హౌకు 15,000 డాలర్లు చెల్లించి రాజీ పడ్డారు. అప్పటికి ప్రతి కంపెనీ మరో కంపెనీ మీద దావా వేస్తూ, మిషన్ల కన్న వకాలతులే ఎక్కువయ్యాయి. చివరకు 1856లో ముఖ్యులందరూ ఒక ఒప్పందానికి వచ్చి, పేటెంట్లన్నీ ఒకచోట చేర్చుకున్నారు. అమెరికాలో అమ్మిన ప్రతి మిషను మీద హౌకు 5 డాలర్లు ముట్టాయి.

గుమస్తాను గనుక నాకు బాగా నచ్చిన అధ్యాయం దీని తరువాతిది. అప్పట్లో మిషను ఖరీదు 100 డాలర్ల పైమాట. మామూలు కుటుంబం ఏడాది సంపాదన 500 డాలర్లు. ఎవరు కొంటారు? 1853లో సింగర్ కంపెనీ అమ్మినవి 810 మిషన్లు మాత్రమే. 1856లో క్లార్క్ ఉపాయం ఆలోచించాడు. కొంత సొమ్ము ముందు కట్టి మిషను ఇంటికి పట్టుకెళ్ళవచ్చు, మిగతాది నెలనెలా వాయిదాలు. ఆ ఏడాది అమ్మకాలు 2,564కు పెరిగాయి. ఇరవై ఏళ్ళ తరువాత, 1876లో, 2,62,316. చేతితో ఒక మగవాని చొక్కా కుట్టడానికి పధ్నాలుగు గంటలకు పైగా పట్టేదని, మిషను మీద గంటంబావు చాలునని ఆనాటి లెక్కలు. ఆ తేడాయే వాయిదా కట్టించింది.

ఈ వాయిదా విలువ నాకు పుస్తకాలు చెప్పనక్కరలేదు. మా నాన్నగారు పోయేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. నాకు ఇద్దరు చెల్లెళ్ళు. మా అమ్మ ఒక పాత చేతి మిషను వాయిదాల మీద తీసుకుని, వీధిలోని వాళ్ళకు జాకెట్లు, పరికిణీలు కుట్టేది. వాయిదా రశీదులు పంచాంగంలో దాచేది. పండగ ముందు రోజుల్లో రాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా ఆ చక్రం చప్పుడే. నా ఎస్సెల్సీ ఫీజు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు మొదటి రూపాయి ఆ చక్రంలోంచి వచ్చినవే. నాకు సరదా అయిన పని ఆమెకు బతుకు. ఈ తేడా గుర్తుంచుకునే నేను మిషను ముందు కూర్చుంటాను.

ఇక సింగర్ గుణగణాల సంగతి. 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థి యంత్రాల గురించి ప్రశ్నించినప్పుడు, గాంధీజీ కుట్టు మిషనును మినహాయించారు. లోకానికి పనికివచ్చిన బహు కొద్ది యంత్రాలలో అది ఒకటి అన్నారు. భార్య చేతితో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని చేశాడని కూడా చెప్పారు. ఆ యంత్రాలు చేసే కర్మాగారాలు ప్రభుత్వం అధీనంలో ఉండాలన్నారు. గాంధీజీ విన్న కథ అందమైనది. కాని సింగర్ జీవితంలో ఆ దృశ్యం లేదు. కనిపెట్టడం మీద తనకు మోజు లేదని, తనకు కావలసింది డబ్బులేనని ఆయనే చెప్పుకున్నట్లు చరిత్ర.

1830లో మరియా హేలీని పెళ్ళాడాడు. ఆమెను వదిలేసి మేరీ ఆన్ స్పాన్స్‌లర్‌తో కాపురం పెట్టాడు. పేదరికంలో, నాటకాల తిరుగుళ్ళలో ఆవిడే తోడుంది. సిరి వచ్చాక న్యూయార్క్‌లోనే మరి రెండు కుటుంబాలు రహస్యంగా నడిపాడు. 1860లో నడివీధిలో బండి మీద మరొక స్త్రీతో పోతూ మేరీ ఆన్ కంటబడ్డాడు. ఇంట్లో ఆవిడ మీద చెయ్యి చేసుకుని అరెస్టయి, తరువాత దేశం విడిచి వెళ్ళిపోయాడు. 1863లో ఇసబెల్లా బోయర్‌ను పెళ్ళాడి, చివరకు ఇంగ్లండులో పెయిన్‌టన్ అనే సముద్రతీరపు ఊళ్ళో పెద్ద భవనం కట్టుకోసాగాడు. అన్ని కాపురాల్లో కలిపి ఇరవై నాలుగు మంది పిల్లలంటారు. భవనం పూర్తిగా సిద్ధం కాకముందే 1875 జూలై 23న కన్నుమూశాడు. వదిలి వెళ్ళిన ఆస్తి కోటీ ముప్పై లక్షల డాలర్ల పైచిలుకు.

40 డాలర్లు ఇచ్చిన జీబర్ సంగతి? 1851 చివరలో అతను జబ్బుపడి మంచం మీద ఉంటే, ఇక బతకడని డాక్టరు అభిప్రాయపడ్డట్లు సింగర్ అతనికే చెప్పి, అతని వాటాను 6,000 డాలర్లకు రాయించుకున్నారు. జీబర్ బతికాడు. వాటా మాత్రం తిరిగి రాలేదు.

విచిత్రమేమంటే, గాంధీజీ చెప్పిన ఆ దృశ్యం నిజంగా ఉన్నది హౌ ఇంట్లో. అనారోగ్యంతో హౌ పనిచేయలేనప్పుడు భార్య ఎలిజబెత్ కుట్టుపని చేసి ఇల్లు నడిపింది. ఆమె చేతుల కదలిక చూస్తూనే ఆయనకు ఆలోచన పుట్టిందంటారు. డబ్బు రాకముందే, 1849లో, ఆమె క్షయతో పోయింది. తరువాత హౌ లక్షలాది డాలర్లు గడించాడు. ఆమె వాటిలో ఒక్కటీ చూడలేదు.

ఇంతకూ సింగర్ మహనీయుడా? ఫైలు మీద నోట్ రాయమంటే నేను ఇలా రాస్తాను. మనిషిగా దండం పెట్టదగినవాడు కాడు. పనివాడుగా గట్టివాడు. హౌ ఆలోచనను, ఫెల్ప్స్ పనిశాలను, జీబర్ సొమ్మును, క్లార్క్ లెక్కలను కలిపి ఒక మిషనుగా నిలబెట్టినది ఆయనే. కాని మిషను మీద ఒక్క పేరే మిగిలింది. ఆ పేరు చదివినప్పుడల్లా ఎలిజబెత్‌ను, మేరీ ఆన్‌ను, రాత్రుళ్ళు చక్రం తిప్పిన మన తల్లులను కూడా దాని పక్కన రాసుకోవడం మన వంతు. జమాఖర్చు సరిపోవాలంటే అన్ని పద్దులూ ఎక్కాలి కదా.

మన సభ్యులలో చాలామంది ఇళ్ళల్లో ఒక పాత మిషను గుడ్డ కప్పుకుని మూలన ఉండే ఉంటుంది. బెల్టు మార్చి, రంధ్రాలలో నాలుగు చుక్కల మిషను నూనె వేసి, పాత గుడ్డ మీద కాసేపు నడపండి. కళ్ళజోడు సరిచూసుకుని, పగటి వెలుగులో కూర్చోండి. మగవారికి ఇదేమి పని అని సంకోచించకండి. ఊళ్ళో దర్జీలెవరు? మగవాళ్ళే కదా. ఒక దిండు గలీబు మీ చేతితో కుట్టారంటే, ఇంట్లో ఇన్నాళ్ళూ బట్టలు కుట్టినవారి శ్రమ ఎంతో మీకే తెలుస్తుంది. కార్యవర్గం వారు అంగీకరిస్తే మన సంఘ భవనంలో వారానికి ఒక పూట నేర్పడానికి నేను సిద్ధం. కత్తెర, టేపు, సుద్దముక్క ఎవరివి వారు తెచ్చుకోగలరు.